సింగపూర్ క్రూజ్: మూడు రేవులదా, రెండు రేవులదా?

మీరు అడిగింది ఇది: అమలాపురం నుంచి అమ్మానాన్నలను తీసుకుని సింగపూర్ వెళ్ళి, అక్కడ క్రూజ్ ఎక్కాలి. ఒకటి ఐదు రాత్రులది, మలేషియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మూడు చోట్లా ఆగుతుంది. రెండోది నాలుగు రాత్రులది, పెనాంగ్, ఫుకెట్ మాత్రమే. ధరలో పెద్ద తేడా లేదు కాబట్టి మూడు ఊళ్ళు చూపించేదే మేలని మీ ఆలోచన. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మే నెలలో బయల్దేరదామని నాన్నగారి మాట.

నేనైతే నాలుగు రాత్రులదే తీసుకోమంటాను. మే నెల మాత్రం వద్దు. మాది రాజోలు వైపు, మా అమ్మానాన్నలను ఈ పెనాంగ్, ఫుకెట్ దారిలోనే తీసుకెళ్ళాను. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎన్ని ఊళ్ళు ఉన్నాయన్నది పక్కన పెట్టి, ఒక్కో ఊళ్ళో ఎన్ని గంటలు చేతికి వస్తాయో లెక్క వేసుకోండి.

పోర్ట్ క్లాంగ్‌నే తీసుకోండి. బ్రోచర్‌లో కౌలాలంపూర్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఓడ ఆగే చోటు నుంచి ఆ ఊరి నడిబొడ్డుకి 40 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ట్రాఫిక్ లేకపోతే గంట, ఉంటే ఎంతో చెప్పలేం. ఉదయం 8కి ఆగి సాయంత్రం 5కి కదిలే ఓడ అనుకుందాం. దిగి, ఇమిగ్రేషన్ దాటి బండి ఎక్కేసరికి 9 దాటుతుంది. ఊళ్ళోకి చేరేసరికి పదిన్నర. ఓడ కదలడానికి గంట ముందే అందరూ లోపల ఉండాలంటారు, అంటే రెండు, రెండున్నరకల్లా తిరుగు ప్రయాణం మొదలవ్వాలి. తిండికి పోగా మిగిలేది మూడు గంటలు. పాలకొల్లులో ఉండే మా పిన్ని వాళ్ళు ఇలాగే వెళ్ళొచ్చారు. 452 మీటర్ల పెట్రోనాస్ టవర్స్‌ని కింద నిలబడి చూశారు. బటు కేవ్స్‌లో 140 అడుగుల సుబ్రహ్మణ్యేశ్వరస్వామి విగ్రహానికి కింద నుంచే దణ్ణం పెట్టుకున్నారు. గుహలోని గుడికి 272 మెట్లు, పిన్ని ఎక్కలేకపోయింది. బాబాయి ఎక్కగలడు గానీ టైం చాలలేదు. అంతదూరం వెళ్ళి స్వామిని దగ్గరగా చూడలేకపోయామన్న బాధ వాళ్ళకి ఇప్పటికీ ఉంది. కౌలాలంపూర్ చూడాలంటే విమానంలో వెళ్ళి రెండు రోజులు ఉండి చూడాల్సిన ఊరు.

పెనాంగ్ అలా కాదు. స్వెటెన్‌హామ్ పియర్ దగ్గర ఓడ జెట్టీకే ఆనుకుని ఆగుతుంది. గేటు దాటితే జార్జ్‌టౌన్, యునెస్కో 2008లో వారసత్వ సంపదగా గుర్తించిన పాత ఊరు. బయటికి రాగానే విక్టోరియా రాణి పేరు మీద కట్టిన 60 అడుగుల గడియార స్తంభం కనబడుతుంది, ఆ పక్కనే కార్న్‌వాలిస్ కోట. అక్కడి నుంచి లిటిల్ ఇండియా కాస్త దూరమే, కానీ అమ్మని నడిపించకుండా రిక్షా మాట్లాడాం. అక్కడి రిక్షాలో మనం ముందు కూర్చుంటాం, తొక్కే మనిషి వెనక ఉంటాడు. ఎదురుగా ఎవరి వీపూ అడ్డం లేకుండా వీధంతా కనిపిస్తుంటే అమ్మ ప్రతి కొట్టూ చదువుతున్నట్టు చూసింది. క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి 1833 నాటిది. బయట మల్లెపూల దండలు, చీరల కొట్లు, ఇడ్లీ సాంబారు వాసన. అమ్మ గుళ్ళో ఓ మూల గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చుంది, మేమెవరం తొందరపెట్టలేదు. అలా కూర్చోనివ్వగలగడమే ఆ రేవు గొప్పతనం, అలసిపోతే వెనక్కి ఓడలోకి పావుగంటలో వచ్చేయొచ్చు. మన గుళ్ళలాగే అక్కడా మధ్యాహ్నం తలుపులు వేస్తారు. అందుకని ఓడ మధ్యాహ్నం చేరుకుని రాత్రి బయల్దేరేదైతే ఇంకా మంచిది, ఎండ కూడా తగ్గుతుంది.

ఇక ఫుకెట్. టికెట్ కొనేముందు ఏజెంటుని ఒకటి గట్టిగా అడగండి: ఓడ జెట్టీకి ఆనుతుందా, దూరంగా లంగరు వేస్తుందా? పటాంగ్ బీచ్ దగ్గరైతే పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసి, టెండర్ బోట్లలో మనుషుల్ని ఒడ్డుకి చేరుస్తాయి. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడలు దూరాన ఆగితే బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్తాయి చూడండి, అదే పద్ధతి. టెండర్ ఎక్కేటప్పుడు బోటు పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. ఇద్దరు సిబ్బంది చెరో జబ్బా పట్టుకుని, బోటు ఓడ అంచుకి సమానంగా లేచిన క్షణంలో "ఇప్పుడు" అంటారు, అప్పుడు అడుగు వేయాలి. నాన్న పంచె ఎగ్గట్టి వేసేశారు. మా అమ్మ కూడా వేయగలిగింది, ఆ రోజు సముద్రం నిలకడగా ఉంది కాబట్టి. మోకాలు వంగని మనిషికి ఆ ఒక్క అడుగే కష్టం. మీ అమ్మగారికి వద్దనిపిస్తే బలవంతపెట్టకండి, ఒకరు తోడుండి ఓడలోనే ఉండిపోవచ్చు.

మే వద్దన్నది ఇందుకే. పటాంగ్ పడమటి తీరం. నైరుతి రుతుపవనాలు సుమారు మే మధ్య నుంచి అక్టోబరు దాకా నేరుగా ఆ ఒడ్డునే కొడతాయి. అలలు ఎక్కువైతే టెండర్లు ఆపేస్తారు, కెప్టెన్ ఆ రేవే వదిలేసి వెళ్ళినా ఒప్పందం ప్రకారం మనం అడగడానికి ఉండదు. కోతలయ్యి, కాలువలు కట్టేశాక తీరిక దొరుకుతుందని మన డెల్టా రైతులందరికీ మే నెలే తోస్తుంది, నాన్నగారిని తప్పుపట్టలేం. కానీ దాళ్వా ఊడ్పులయ్యాక ఫిబ్రవరిలో వారం రోజులు చూసుకోండి. నీళ్ళ వంతు ఎవరికైనా అప్పజెప్పాల్సి వస్తుంది, అంతే. ఆ నెలలో అటువైపు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది.

టైం విషయం కూడా చెప్పాలి. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్, మలేషియా కంటే గంట వెనక. మా ఓడ సింగపూర్ టైమే ఉంచుకుంది, ఒడ్డున దిగిన ఫోన్లేమో థాయ్ టైం చూపించాయి. ఫోన్ చూసి నాలుగే కదా అనుకుంటే ఓడలో అప్పటికే ఐదు. నాన్న చేతి గడియారాన్ని ఓడ టైముకి పెట్టి, ఆ రోజంతా దాన్నే చూసుకున్నాం. ఓడవాళ్ళే అమ్మే టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే ఆగదు. అందుకే ఫుకెట్‌లో దూరం వెళ్ళాలనుకుంటే డబ్బు ఎక్కువైనా వాళ్ళ టూరే తీసుకోండి. పెనాంగ్‌లో ఆ అవసరం లేదు.

కాగితాల సంగతి: మళ్ళీ సింగపూర్‌కే తిరిగొస్తారు కాబట్టి ఆ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. మలేషియా, థాయ్‌లాండ్‌లకి నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే నెలలో మళ్ళీ చూసుకోండి. మూడు దేశాలకీ ఆన్‌లైన్ అరైవల్ కార్డులు విడివిడిగా నింపాలి. ఓడ ఎక్కే రోజే సింగపూర్‌లో దిగేలా విమానం పెట్టుకోకండి, ఒక రాత్రి ముందే చేరుకోండి.

ఒకవేళ నాన్నగారు మే నెలే అని పట్టుబడితే ఫుకెట్ కూడా వదిలేసి, పెనాంగ్ ఒక్కటే ఉన్న మూడు రాత్రుల క్రూజ్ దొరుకుతుందేమో చూడండి. మిగిలిన రోజులు సింగపూర్‌లో గడపండి, అక్కడ మెట్రోలో ప్రతి స్టేషన్‌కీ లిఫ్ట్ ఉంటుంది.