సర్వర్ స్విచ్ మీద చెయ్యి వేసే ముందు

పాపా,

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలన్నీ దాచుకునే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ బాగుచేసే పని ఒప్పుకున్నావని రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నేను ఇన్నేళ్లు చేసిన పని మన ఇంట్లో నువ్వు అందుకున్నావంటే కడుపు నిండిపోయింది. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

23 కంప్యూటర్లు ఉన్నాయట. పొద్దున పది దాటితే ఆఖర్న వచ్చినవాళ్లకు కనెక్షన్ దొరకడం లేదట. ముందు అప్పుడు తెర మీద వచ్చే మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా రాసుకో. యాక్సెస్ ఫైలు లెక్క ప్రకారం 255 మందిని ఒకేసారి రానిస్తుంది. కానీ ఆ ఫైలు మామూలు విండోస్ 10 కంప్యూటర్‌లో ఉంటే, షేర్ చేసిన ఫోల్డర్‌కు 20 కనెక్షన్లే. 21వ కంప్యూటర్ గుమ్మం బయటే. మీ దగ్గర జరిగేది ఇదేనని నా అనుమానం. అలా కాక, ఇంకా డేటాబేసులు తెరవలేను అంటూ 3048 నంబరు వస్తే మాత్రం మనుషుల లెక్కతో పనిలేదు, ఒక్కరే కూర్చున్నా వస్తుంది. అప్పుడు ఫారాల్లో, వాటిలోని లిస్టుల్లో, కోడ్‌లో డేటా చదవడానికి తెరిచి మూయకుండా వదిలేసిన రికార్డ్‌సెట్లలో వెతుకు.

బ్యాకప్ తీసుకో. ప్రోగ్రాము ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకు పెట్టి, డేటా ఫైలు ఒక్కటే సర్వర్‌లో ఉంచు. వైఫై వద్దు, వైరు లాగించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నేనూ ఓ గ్రానైట్ ఫ్యాక్టరీలోనే చేసేవాణ్ణి. విండోస్ ఎక్స్‌పీ రోజులు. దానికి 10 కనెక్షన్లే హద్దు. మాకు సర్వర్ కాక 11 కంప్యూటర్లు. ఓ మధ్యాహ్నం చెన్నై పోర్టుకు వెళ్లాల్సిన లారీలు గేటు దగ్గర ఆగి ఉన్నాయి, బిల్లింగ్ కంప్యూటర్‌కేమో కనెక్షన్ రావడం లేదు. ఓనరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. డేటా ఫైలు పక్కన ఎల్‌డీబీ అనే చిన్న ఫైలు కనిపించింది. పాత కనెక్షన్లు అందులో ఇరుక్కున్నాయనుకుని తీసేయబోయాను. ఆ ఫైలు వాడుకలో ఉంది, కుదరదు అంది కంప్యూటర్. లోపల మనిషి ఉన్నాడని అది చెబుతూనే ఉంది. నేను వినలేదు. సర్వర్ ఆపి మళ్లీ వేశాను.

పై గదిలో గుమాస్తా గారు పొద్దుటి నుంచి స్లాబుల కొలతలు ఎక్కిస్తున్నారు. సర్వర్ లేచాక ఫైలు తెరవబోతే గుర్తించలేని ఫార్మాట్ అంది. రిపేరుకూ లొంగలేదు. మా బ్యాకప్ 11 రోజుల నాటిది.

ఓనరు ఆయన్ని పిలిచి "ఏం నొక్కావు?" అని అందరి ముందూ అడిగాడు. ఆయన నా వంక చూశారు. నేను నోరు తెరవలేదు. రెండు రోజులు తెరవలేదు, పాపా. ఆ రెండు రోజులూ ఆయన టేపు పట్టుకుని, రోహిణి కార్తె ఎండలో, కాలిపోతున్న నల్లరాతి మధ్య ఒక్కో స్లాబు మళ్లీ కొలిచారు. మూడో రోజు ఓనరుకు నిజం చెప్పి ఆయన దగ్గరకు వెళ్లాను. "ముందే చెబితే ఇద్దరం కలిసి కొలిచేవాళ్లం గదా బాబూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నాను. ఎవరు ఎంత తొందరపెట్టినా సర్వర్ స్విచ్ మీద చెయ్యి వెయ్యకు. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ తెరిస్తే సెషన్స్‌లో ఏ కంప్యూటర్ వచ్చి ఉందో, ఓపెన్ ఫైల్స్‌లో ఏది తెరిచి ఉందో కనిపిస్తుంది. పేర్లు కాగితం మీద రాసుకో. సర్వర్‌కే ప్రింటరూ, స్కాన్ చేసిన కాగితాల ఫోల్డరూ తగిలించి ఉంటే, వాటికోసం వచ్చేవాళ్లూ ఆ 20లోనే పడతారు. ముందు అవి వేరే కంప్యూటర్‌కు మార్చు, కొంచెం ఊపిరి ఆడుతుంది. అసలు మందు మాత్రం డేటాను, చాలామంది ఒకేసారి వాడుకోవడానికే చేసిన డేటాబేస్ ప్రోగ్రాము ఎస్క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చడమే. అది ఉచితం. ఫారాలు యాక్సెస్‌లోనే ఉండనీ, వాళ్ల చేతికి అలవాటైనవి.

రాత్రి ఒక్కదానివే కూర్చుని ఒక్క పూటలో మార్చేస్తానన్నావట! ఎవరు అడిగారే అంత తొందరగా? వారం గడువు అడుగు, ఇవ్వకపోతే నాతో మాట్లాడించు. వేళకు అన్నం తిను, ఎండన పడి తిరగకు. ఓనరు కుర్చీ వెనక నిలబడితే "కూర్చోండి సార్" అని ఎదురు కుర్చీ చూపించు.

డేటా మార్చే రోజు ఏదో చెప్పు, ఒంగోలులో పొద్దున్నే బస్సెక్కుతాను. కంప్యూటర్ ముట్టుకోను. లోపల ఎవరెవరు ఉన్నారో నువ్వు పేర్లు చదువు, నేను ఒక్కొక్కరి సీటు దగ్గరకూ వెళ్లి పని సేవ్ చేసుకోమని చెప్పి వస్తాను.

మీ పెదనాన్న