ఈఎంసీ ల్యాబ్ ఆఫర్: యాంటెన్నాలు మార్చడమేనా పని?

ప్రశ్న: నాది ఈసీఈ ఫైనలియర్. బెంగళూరులో ఒక ఈఎంసీ టెస్ట్ ల్యాబ్‌లో (ఎలక్ట్రానిక్ పరికరాలు వెదజల్లే తరంగాలు పక్క పరికరాలకు అడ్డొస్తాయా అని పరీక్షించే చోటు) ట్రెయినీ ఇంజనీర్‌గా ఆఫర్ వచ్చింది. అక్కడే చేస్తున్న సీనియర్‌ని అడిగితే పొద్దస్తమానం యాంటెన్నాలు మార్చడం, కేబుళ్లు బిగించడమే అన్నాడు. నాన్న సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు సర్? (తెనాలి నుంచి ఓ విద్యార్థిని)

జవాబు: చూడమ్మా, మీ సీనియర్ అబద్ధమేమీ చెప్పలేదు, మొదట్లో పని అలాగే ఉంటుంది. వస్తువు వెదజల్లే తరంగాలను పట్టడానికి ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో రకం యాంటెన్నా: 30 మెగాహెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి కింది ఫ్రీక్వెన్సీలకు బైకోనికల్, ఆపైన 1 గిగాహెర్ట్జ్ వరకు లాగ్ పీరియాడిక్, అది దాటితే హార్న్. మొదటి రెండింటినీ కలిపేసిన హైబ్రిడ్ యాంటెన్నా ఉన్న ల్యాబ్ అయితే మార్చే బాధ కొంత తప్పుతుంది. ఏ యాంటెన్నానైనా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి, మాస్ట్ (యాంటెన్నాను నిలబెట్టే స్తంభం) మీద 1 మీటరు నుంచి 4 మీటర్ల ఎత్తు దాకా జరుపుతూ, ఇటు టర్న్‌టేబుల్ మీద వస్తువును తిప్పుతూ కొలుస్తారు. ఆ జరపడం కూడా చాలాచోట్ల సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

మాస్ట్ మీద యాంటెన్నా అసలు ఎందుకు పైకీ కిందికీ కదలాలో అడిగావా మీ సీనియర్‌ని? వస్తువు నుంచి నేరుగా వచ్చే తరంగమూ నేలకు తగిలి వచ్చే తరంగమూ ఒక ఎత్తులో తోడవుతాయి, ఇంకో ఎత్తులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకని ఒకే ఎత్తులో కొలిచి ఊరుకుంటే ఫెయిల్ కావాల్సిన వస్తువు దర్జాగా పాసైపోతుంది. ఇది తెలిసి చేసేవాళ్లకీ ఊరికే బటన్ నొక్కేవాళ్లకీ ఏడాది తిరిగేసరికి తేడా కనిపిస్తుంది.

ఒక లెక్క చెప్తాను. 120 మెగాహెర్ట్జ్ దగ్గర రిసీవర్ 22 డెసిబెల్ మైక్రోవోల్ట్ చూపించిందనుకో. దానికి ఆ ఫ్రీక్వెన్సీలో యాంటెన్నా ఫ్యాక్టర్ (రిసీవర్ చూపించిన అంకెను గాలిలోని తరంగ బలంగా మార్చడానికి కలిపే సంఖ్య) 14, కేబుల్‌లో పోయిన సిగ్నల్‌కి 2 కలిపితే 38. ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలకు సిస్పర్ 32 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 3 మీటర్ల దూరంలో అక్కడ లిమిట్ 40. పాసే, కానీ అంచు మీద పాస్. బ్రాడ్‌బ్యాండ్ యాంటెన్నాతో చిక్కేమిటంటే ఇంత పెద్ద బ్యాండ్‌ను ఒక్కటే మోస్తుంది గానీ దాని ఫ్యాక్టర్ ప్రతి ఫ్రీక్వెన్సీకీ మారుతూ ఉంటుంది. అందుకే ఆ ఫ్యాక్టర్లుండే క్యాలిబ్రేషన్ పట్టిక పాతదైనా, పొరపాటున పక్క యాంటెన్నాది లోడ్ చేసినా గ్రాఫ్ చూడ్డానికి చక్కగానే ఉంటుంది, రిపోర్టు మాత్రం తప్పు.

అసలు డబ్బులొచ్చే పని ఆ తర్వాతది. వస్తువు ఫెయిలై, దాన్ని తెచ్చిన కంపెనీవాళ్లు టెన్షన్‌తో టెస్ట్ చేసే గది (చాంబర్) బయట నిలబడి ఉంటారు. పవర్ కేబుల్‌కి ఒక ఫెర్రైట్ క్లాంప్ (కేబుల్ మీద పారే హై ఫ్రీక్వెన్సీ కరెంటును అణిచే బిళ్ల) తగిలించి చూస్తావు. గ్రాఫ్‌లో లిమిట్ దాటిన పీక్ పడిపోయిందంటే కేబులే యాంటెన్నాలా పనిచేస్తోందన్నమాట, మీటరు పొడవున్న తీగ 75 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యమే కదా, ఆశ్చర్యం లేదు. పడకపోతే తరంగాలను దగ్గర నుంచి పసిగట్టే నియర్ ఫీల్డ్ ప్రోబ్ పట్టుకుని బోర్డు మీద వెతకాలి, క్లాక్ దగ్గరో స్విచింగ్ సప్లై దగ్గరో దొరుకుతుంది. ఈ వెతుకులాట వచ్చినవాళ్లను ఆటోమోటివ్, మెడికల్, డిఫెన్స్ డిజైన్ టీములు పిలిచి మరీ తీసుకుంటాయి. ఇంటికి దగ్గరగా కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థలైన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌కీ, విశాఖలోని సమీర్‌కీ ఈ టెస్టింగ్ ఉంది, కాకపోతే అక్కడ నోటిఫికేషన్ పడేదాకా ఆగాలి.

మీ నాన్నగారి భయం జీతం గురించే అయితే అది నిజమే, మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన నీ క్లాస్‌మేట్ కంటే తక్కువ రావచ్చు. కానీ ఈసీఈ మీద ఇష్టం ఉండి కూడా కేవలం ఆ తేడా చూసి కోర్సులో చేరితే, అక్కడ సీఎస్ఈ వాళ్లతో సమానంగా మళ్లీ మొదటి నుంచి పోటీ పడాలి. నన్నడిగితే చేరమనే అంటాను. పైథాన్ ఎలాగూ వదలకు, టెస్ట్ ఆటోమేషన్‌కి పనికొస్తుంది, నాన్నగారికీ కాస్త ధైర్యం.

చేరేముందు హెచ్‌ఆర్‌ని కాదు, ల్యాబ్ ఇంజనీర్‌ని పట్టుకుని అడుగు: ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ నుంచి ఏ టెస్టులకు గుర్తింపు ఉంది, ఫెయిలైన వస్తువుల డీబగ్గింగ్‌లో ట్రెయినీలను కూర్చోనిస్తారా, లేక డీబగ్గింగ్ కస్టమర్‌కే వదిలేస్తారా? కూర్చోనివ్వం అంటే మీ సీనియర్ మాటే నిజమవుతుంది, అప్పుడు ఇంకో ల్యాబ్ చూసుకో. బాండ్ ఉంటే పూర్తిగా చదివి సంతకం పెట్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లమంటే మాత్రం అసలు చేరొద్దు.