రెండు నెలల వడ్డీ చూసి నమ్మకు

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. లక్ష కడితే నెలకు పదివేలట, రెండు నెలలు అకౌంట్లో పడ్డాయట, పెరుంగుడిలో మీ ఆఫీసువాళ్లు పదిమంది చేరారట. పెదనాన్న పెన్షన్ డబ్బులో నాలుగు లక్షలు పెట్టమన్నావు. ఆయన పక్కనే ఉన్నారు, "చూద్దాంలే" అని ఫోన్ పెట్టేశాను.

1996 సంగతి చెబుతాను. అప్పుడే మద్రాసు చెన్నై అవుతోంది. టీనగర్‌లో ఎటు చూసినా ఫైనాన్స్ కంపెనీలే. మేం కట్టినదాంట్లో ఏడాదికి ముప్పై శాతం. ఏసీ గది, గోడకి వెంకటేశ్వరస్వామి పటం, దీపావళికి డిపాజిటర్లకి వెండి కుంకుమ భరిణె. నిజం చెప్పొద్దూ, ఆ భరిణెకే పడిపోయాను. వడ్డీ చెక్కు ప్రతి నెలా ఐదో తేదీకల్లా వచ్చేది. ఆ చెక్కులు చూపించే మీ అమ్మ చేత నలభై వేలు కట్టించాను. మీ నాన్న పొలం అమ్మిన డబ్బు. నీకు చెప్పి ఉండదు.

మీ అమ్మకి రెండు చెక్కులు వచ్చాయి. మూడోది బౌన్స్ అయింది. బ్యాంకువాళ్ల పొరపాటన్నాడు మేనేజరు. నేనూ మీ అమ్మకి అదే చెప్పాను. అతను చెబితే నమ్మేది కాదేమో, అక్కని కాబట్టి నమ్మింది.

ఓ సోమవారం వెళ్తే షట్టరుకి తాళం. కింది సందులోంచి చూస్తే పోస్టు కవర్లు నేలమీద పడున్నాయి. "శుక్రవారమే ఫ్యాన్లతో సహా పట్టుకెళ్లారమ్మా" అన్నాడు పక్కన కాఫీపొడి కొట్టతను. ఇంటికొచ్చి పెదనాన్నతో ఏమన్నానో తెలుసా? "ఆఫీసు మారుస్తున్నారట." ఆ మాట నాకెవరూ చెప్పలేదు బుజ్జీ, నేనే కల్పించుకున్నాను. ఇంకో రెండు నెలలు దాన్నే పట్టుకు వేలాడాను. ఆ రెండు నెలల్లో తెలివైనవాళ్లు పోలీసులకి ఫిర్యాదులు ఇచ్చేశారు.

మాలాంటివాళ్లు వేలల్లో మునిగాక 1997లో తమిళనాడు ప్రభుత్వం డిపాజిటర్ల కోసం చట్టం తెచ్చింది. మాకు తొమ్మిదేళ్లకి అసలులో పావు వంతు వచ్చింది. మీ అమ్మ డబ్బు గాజులు అమ్మి తీర్చాను. అయినా రెండేళ్లు మా గడప తొక్కలేదు.

ఇప్పుడు నీ సంగతి. నెలకి పది శాతం మిగిలే వ్యాపారం ఉన్నవాడు బ్యాంకులో ఏడాదికి పన్నెండు శాతానికి అప్పు తెచ్చుకుని హాయిగా చేసుకుంటాడు, నీ వెంట ఎందుకు పడతాడు? నీకొచ్చిన ఇరవై వేలు నీ లక్షలోవే, కాకపోతే పక్క సీటువాడివి. డిపాజిట్లు తీసుకోడానికి అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీలు కూడా ఏడాదికి పన్నెండున్నర శాతం మించి వడ్డీ ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు. వాళ్లు చూపించే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ కాగితం కంపెనీ ఉందని చెబుతాయంతే, జనం దగ్గర డబ్బు తీసుకోవచ్చని కాదు. రిజర్వ్ బ్యాంకువాళ్ల సచేత్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడు.

ఈ వారమే అసలు వెనక్కి అడుగు. ఇంట్లో పెళ్లి ఖర్చుందను. (అబద్ధం ఆడమంటోందని నవ్వకు.) వచ్చే నెలనీ, ఇంకో లక్ష వేస్తే కలిపి ఇస్తామనీ తిప్పారంటే, స్క్రీన్‌షాట్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ పట్టుకుని పోలీసుల ఆర్థిక నేరాల విభాగానికి వెళ్లు. నలుగురూ ఏమనుకుంటారోనని ఆగకు. నేను ఆగింది అందుకే.

నీ మాట మీద ఎవరైనా చేరి ఉంటే ఈ రాత్రే ఫోన్ చెయ్యి. కోప్పడతారు, పడనీ. చేర్పించినందుకు కమిషన్ ఇచ్చి ఉంటే మాత్రం ఒక్క రూపాయి ముట్టుకోకు.

పెదనాన్న డబ్బు రాదు, ఆశ పెట్టుకోకు. ఆదివారం రా, పెసరట్లు వేస్తాను. ఆ కాగితాలన్నీ తీసుకురా. కుంకుమ భరిణె ఇంకా పూజగదిలోనే ఉంది, చూద్దువుగాని. పైపూత పోయింది, లోపల ఇత్తడి.

పెద్దమ్మ