ముందు పేరు తేల్చుకో, అంకెలు తర్వాత

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

ప్రమోషన్ ఫైలుకి పరిశోధన పేపర్ల జాబితా అడిగారనీ, పేపర్లను లెక్కగట్టే డేటాబేస్‌లలో గూగుల్ స్కాలర్ ఒక అంకె, స్కోపస్ ఇంకో అంకె చూపిస్తున్నాయనీ కంగారుపడ్డావు. అంకెల సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ పేరు తేల్చుకో.

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, జర్నల్ ఫారంలో వెనక్కి పోతుంది. ఒక పేపర్లో కె. మాధవి, ఇంకోదాంట్లో మాధవి కొల్లూరి, పెళ్లయ్యాక అత్తింటి ఇంటిపేరు. డేటాబేస్ లెక్కలో వీళ్లు ముగ్గురు మనుషులు, నీ సైటేషన్లు, అంటే ఇతరులు నీ పేపర్లను ఉటంకించిన లెక్క, ముగ్గురికీ చీలిపోతాయి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో రాసిన, ఫాస్ఫరస్ కొలిచే పేపరు చూడు. సుబ్బారావు అన్నదే అక్కడ ఇంటిపేరైంది, దాన్ని ఉటంకించే చోట్ల ఎల్లాప్రగడ ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. అయినా నష్టం జరగలేదు. ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ అని ల్యాబుల్లో ఆ పేరే స్థిరపడింది. ఏ రూపమైనా ఫరవాలేదు, ఒక్కటే ఉండాలి.

ఆర్కిడ్ (ORCID) ఐడీ తీసుకో. పేరు ఎలా మారినా పరిశోధకుడికి మారని పదహారు స్థానాల నంబరు, డబ్బులేమీ అక్కర్లేదు. కాలేజీ మెయిల్‌తో మాత్రం తెరవకు, ఉద్యోగం మారితే తలుపు మూసుకుపోతుంది. పాత పేర్లన్నీ ‘ఇతర పేర్లు’ గడిలో వెయ్యి. తర్వాత స్కోపస్‌లో నీ పేరు అన్ని రూపాల్లోనూ వెతుకు. రెండు మూడు ప్రొఫైళ్లు కనిపిస్తే అన్నీ టిక్ పెట్టి కలపమని ఒకేసారి అడుగు. విడివిడిగా అడిగితే చిక్కుముడి ఇంకా బిగుస్తుంది.

గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే సెట్టింగు ఆపేసి, మెయిల్‌లో అడిగాకే చేర్చేలా పెట్టుకో. మాధవి పేరున్నవాళ్లు వందల మంది. ఎవరో రాసిన వరి తెగుళ్ల పేపరు నీ జాబితాలో దూరిందనుకో, కమిటీ దాన్ని పొరపాటు అనుకోదు.

ఇప్పుడు అంకెలు. హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పైనుంచి కిందికి పేర్చు: 25, 12, 7, 5, 4, 1. ఎన్నో పేపరో దానికి కనీసం అన్ని సైటేషన్లు ఉన్నంతవరకూ లెక్కపెడుతూ పో. నాలుగో పేపరుకి 5 ఉన్నాయి, సరిపోయింది. ఐదో దానికి 4 మాత్రమే, ఆగిపోయింది. కాబట్టి నీ హెచ్ 4. ఆ మొదటి పేపరుకి 25 బదులు 250 వచ్చినా 4 దగ్గరే ఉంటుంది. గూగుల్ థీసిస్‌లనీ, రివ్యూ కాకముందే బయటపెట్టిన ప్రీప్రింట్లనీ కూడా లెక్కేస్తుంది కనుక అక్కడ అంకె దాదాపు ఎప్పుడూ పెద్దదే. ఫైల్లో అంకె పక్కనే ఎక్కడిదో, ఏ తేదీదో రాయి. నిన్ను నువ్వు ఉటంకించుకున్నవి స్కోపస్‌లో ఒక్క నొక్కుతో తీసేసి చూడొచ్చు, తెలిసినవాళ్లు చూస్తారు కూడా.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, నీది కాదు. గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. అన్ని జర్నళ్లవీ కూడి బయోడేటాలో ‘మొత్తం ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అని రాసేవాళ్లున్నారు. బస్సు నంబర్లు కూడి ఎంత దూరం వెళ్లామో చెప్పినట్టుంటుంది.

జర్నల్ వెబ్‌సైట్ మీద ‘స్కోపస్’ బొమ్మని నమ్మకు. జర్నల్‌కి ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ నంబరుతో స్కోపస్ సోర్సెస్ పేజీలో నువ్వే వెతుకు. పేరుతో వెతికితే నకిలీ జర్నళ్లు అసలు పేరు పెట్టుకుని మోసం చేస్తాయి. ఆ జర్నల్‌ని స్కోపస్ చేర్చుకోవడం ఏ సంవత్సరంతోనైనా ఆగిందేమో కూడా చూడు. మెడ్‌లైన్ వేరు, పబ్‌మెడ్ వేరు: మెడ్‌లైన్ ఎంపిక చేసిన వైద్య జర్నళ్ల సూచిక, పబ్‌మెడ్ దాన్నీ ఇంకొన్నిటినీ కలిపి వెతికే సైటు. పూర్తి పేపర్లు దాచే పబ్‌మెడ్ సెంట్రల్‌లో మాత్రమే ఉన్న పేపరు కూడా పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. ఆ తేడా ఎన్ఎల్ఎమ్ (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) క్యాటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే తేలిపోతుంది.

ఇంకో మాట. కొత్త క్లినికల్ ట్రయల్ మొదలుపెడితే మొదటి పేషెంటుని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు చెయ్యి. 2018 ఏప్రిల్ 1 నుంచి వెనక తేదీతో నమోదుకి దారి లేదు. అది లేని పేపరుని మంచి జర్నళ్లు రివ్యూ దాకా కూడా పోనివ్వవు.

జాబితా తయారయ్యాక ప్రతి పేపరు డీఓఐ, అంటే దాని శాశ్వత లింకు, నొక్కి చూసుకుని, తెరుచుకోనివి ఏవో నాకు రాయి.

ఇట్లు
నీ పెదనాన్న