చిన్న సొసైటీకి పోషకాహార కార్యక్రమం కోసం ప్రభుత్వ గ్రాంటు దొరుకుతుందా?

మీరు అడిగినవి రెండు. సొసైటీ రిజిస్టరై రెండేళ్లయింది, ఊళ్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రాగి లడ్డూలు, పెరటి తోటలు, వంట శిక్షణ మొదలుపెట్టాలని ఉంది, దానికి 5 లక్షల గ్రాంటు ఎక్కడ అడగాలి అన్నది మొదటిది. 10 శాతం కమీషన్ ఇస్తే ఢిల్లీ నుంచి మంజూరు తెప్పిస్తానంటున్న కన్సల్టెంట్‌ని నమ్మొచ్చా అన్నది రెండోది.

కన్సల్టెంట్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దండీ. గ్రాంటుగా వచ్చిన ప్రతి రూపాయీ ఏ పద్దు కింద ఖర్చయిందో చూపిస్తూ యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. లెక్కలు చార్టర్డ్ అకౌంటెంట్ చేత ఆడిట్ చేయించాలి. కమీషన్ అనే పద్దు ఏ మంజూరు పత్రంలోనూ ఉండదు. అంటే ఆ 50 వేలకు రాగులు కొన్నట్టో, శిక్షణకు వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టినట్టో బిల్లులు పుట్టించాలి. వాటి మీద సంతకాలు మీ కార్యదర్శివీ కోశాధికారివీ ఉంటాయి. కన్సల్టెంట్ పేరు ఎక్కడా కనపడదు.

ఇక అసలు ప్రశ్న. నేను ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో లెక్కలూ రిపోర్టులూ చూస్తుంటాను. మేం చేసేది చిరుధాన్యాలు, పెరటి తోటలు, అంగన్‌వాడీలతో కలిసి తల్లులకు అవగాహన లాంటి పనులే. నాకు అర్థమైనంతవరకు, తిండి పెట్టడానికి చిన్న సంస్థల చేతికి నేరుగా నగదిచ్చే పథకం కోసం తిరగడం వల్ల చెప్పులరగడమే తప్ప పెద్దగా ఫలితం ఉండదు. ఆ డబ్బు ఇప్పటికే మీ ఊరికి వేరే దారుల్లో వస్తోంది. ముందు ఆ దారులు తెలుసుకోవాలి.

అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇప్పుడది సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పేరుతో నడుస్తోంది. 2017లో సవరించిన రేట్ల ప్రకారం అంగన్‌వాడీలో ఒక్కో పిల్లకు రోజుకు 8 రూపాయలు, గర్భిణికీ బాలింతకూ 9 రూపాయల 50 పైసలు, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు 12 రూపాయలు. ఏడాదికి 300 రోజులు పెట్టాలి. 30 మంది పిల్లలున్న కేంద్రం అనుకుంటే నెలకు 6,000 రూపాయలు పిల్లల తిండికే లెక్క. దీని మీద రాష్ట్రాలు తమ వంతు కలుపుకున్నాయి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సంపూర్ణ పోషణ తెచ్చి, 77 గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ పేరుతో ఇంకొంచెం ఎక్కువ కేటాయించారు. కాబట్టి మీరు "పిల్లలకు లడ్డూలు పెడతాం, డబ్బివ్వండి" అని ఫైలు పెడితే అవతలి అధికారి మొదట అనే మాట "మేం పెడుతున్నాం కదా" అనే. ఆయన తప్పేమీ లేదు. ఒకే పనికి రెండు పద్దులు చూపిస్తే ఆడిట్‌లో ఆయన్నే అడుగుతారు.

అయితే పెడుతున్నదానికీ పిల్లల కడుపులోకి వెళ్తున్నదానికీ మధ్య ఖాళీ ఉంది. మీలాంటి సంస్థకు చోటు అక్కడే. మా వైపు నాట్ల రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో గర్భిణులు మధ్యాహ్నం భోజనానికి కేంద్రానికి రారు, కూలికి వెళ్తారు. ఇంటికిచ్చిన బాలామృతం ప్యాకెట్ ఏడాది పిల్లకని ఇస్తే ఇంట్లో ఉన్న పిల్లలందరూ పంచుకుని రెండు మూడు రోజుల్లో అవగొడతారు. పప్పు ఉంటుంది, ఆకుకూర ఉండదు. ఆరో నెల నిండాక పిల్లకు ఏం పెట్టాలో, ఎంత చిక్కగా పెట్టాలో ఎవరూ దగ్గర కూర్చుని చూపించరు. అంగన్‌వాడీ టీచర్‌కు రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలతోనే పొద్దు గూకుతుంది. మీ ప్రతిపాదన ఈ ఖాళీల మీద ఉంటే అధికారులు వింటారు. మేం అడిగినప్పుడు కూడా తిండి మాట తీసేసి, పొలం దగ్గరికే అన్నం డబ్బా చేర్చడం, పెరటి తోట, ఇంటింటికీ వెళ్లి చూపించడం అని రాశాక మాటల తీరే మారింది.

ఇప్పుడు ఊళ్లో ఉండే డబ్బు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రతి ఊళ్లో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. దానికి ఏడాదికి 10,000 రూపాయలు, ఇందుకే వాడాలన్న కట్టడి లేకుండా ఇస్తారు. పంచాయతీ వాళ్లు, ఆరోగ్య సిబ్బంది కలిసి తీసే ఉమ్మడి ఖాతా అది. చాలా ఊళ్లలో ఆ సొమ్ము బ్లీచింగ్ పౌడర్‌కో, కుర్చీలకో పోతుంది. కమిటీ పేరులో పోషకాహారం ఉందని గుర్తుచేసేవాళ్లే ఉండరు. రెండోది, 2018 మార్చి 8న మొదలైన పోషణ్ అభియాన్‌లో ప్రతి అంగన్‌వాడీ నెలకు రెండు సామూహిక కార్యక్రమాలు చేయాలి. సీమంతం, అన్నప్రాశన లాంటివి. ఒక్కోదానికి 250 రూపాయలు. మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ప్రకారం రెండు అంగన్‌వాడీలున్న ఊరికి ఏడాదికి 12,000, పైన చెప్పిన 10,000తో కలిపి 22,000. సమయానికి విడుదలవుతాయా అంటే అది వేరే కథ. కానీ అడిగేవాళ్లు లేని ఊళ్లో అస్సలు కదలవు.

22 వేలేంటి, నేనడిగింది 5 లక్షలు అంటారేమో. పెరటి తోటకు ఏం కావాలో చూడండి. తోటకూర, గోంగూర, బచ్చలి, పాలకూర విత్తనాలు, ఒక మునగ మొక్క, ఒక కరివేపాకు మొక్క, బోరింగ్ దగ్గర వృథాగా పోయే నీళ్లకు చిన్న కాలువ. విత్తనాలకూ శిక్షణకూ మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని (కేవీకే) అడగండి. అక్కడ గృహవిజ్ఞాన శాస్త్రవేత్త పోస్టు ఉంటుంది, పోషకాహార తోటలు వాళ్ల పనిలో భాగమే. మాకు జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపే కేవీకే అందుబాటులో ఉండటం అదృష్టం. చిరుధాన్యాల వంటలు, ప్రాసెసింగ్ గురించి రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ, ఏ వయసుకు ఎంత తినాలన్నదానికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఉన్నాయి. ఎన్ఐఎన్ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఉచితంగానే దొరుకుతాయి. వాట్సాప్‌లో తిరిగే పట్టికలు పక్కనపెట్టి వాటినే వాడండి.

పంచాయతీ సంగతి కూడా మర్చిపోకండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసే గ్రామసభలో పెరటి తోటలు, అంగన్‌వాడీ వంటగది రిపేరు లాంటి పని రాయించగలిగితే ఆ ఏడాది దానికి ఒక పద్దు పుడుతుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం నీళ్లకూ పారిశుధ్యానికీ కట్టేసినా మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వదిలారు, జీతాలకు తప్ప. సర్పంచ్‌తో మాట పట్టింపులుంటే ఈ దారి మూసుకుపోతుందని వేరే చెప్పక్కర్లేదు.

లడ్డూల గురించి ఇంకో మాట. సుప్రీంకోర్టు 2004 అక్టోబరులో ఆహార హక్కు కేసులో అంగన్‌వాడీల తిండి సరఫరాకు కాంట్రాక్టర్లను వాడొద్దని, వీలైనంతవరకు గ్రామ సమూహాలు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ల ద్వారా జరిపించమని చెప్పింది. కాబట్టి లడ్డూలు మీ సొసైటీ తయారుచేయడం కన్నా ఊళ్లోని మహిళా సంఘం తయారుచేయడం చట్టం పరంగానూ, ఊరి రాజకీయం పరంగానూ సుళువు. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకంలో, బ్యాంకు రుణం తీసుకున్న చిన్న ఆహార యూనిట్‌కు 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల వరకు పెట్టారు. సంఘం సభ్యురాలికి 40,000 వరకు తొలి పెట్టుబడి కూడా ఇచ్చారు. అది వ్యాపారం కోసం ఇచ్చేది, దాన్ని సేవా గ్రాంటులా చూడొద్దు. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లలకు తయారుచేసిన తిండి పంచొద్దు. ఒక్క పిల్లకు వాంతులైనా మీ సంస్థ పని అయిపోతుంది.

ఇదే పని పెద్దస్థాయిలో ఎలా జరుగుతుందో చూడాలంటే ఒడిశా వైపు చూడండి. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్‌లో రాష్ట్ర వ్యవసాయ శాఖ డబ్బు పెట్టింది, బ్లాకుల్లో పని నడిపే బాధ్యత స్థానిక స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చింది. మన సికింద్రాబాద్‌లోని వాసన్ సంస్థ దానికి వెన్నుదన్ను. కెందుఝర్ జిల్లాలో 2020లో అంగన్‌వాడీ పిల్లలకు పొద్దున చిరుతిండిగా రాగి లడ్డూ పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఖర్చుకు జిల్లా ఖనిజ ఫౌండేషన్ డబ్బు వాడారు.

ఈ ఖనిజ ఫౌండేషన్ అంటే, 2015లో గనుల చట్టం సవరించాక గనులున్న జిల్లాల్లో ఏర్పడిన నిధి. తవ్వేవాళ్లు కట్టే డబ్బు ఆ జిల్లాలోనే ఖర్చుపెట్టాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం మొదటి ప్రాధాన్యాలు. మీది సింగరేణి ప్రాంతమో, సున్నపురాయి, బెరైటీస్ తవ్వే ప్రాంతమో అయితే ఢిల్లీ వైపు చూడటం మానేసి కలెక్టరేట్ వైపు చూడండి. అక్కడ కూడా నేరుగా మీ పేరు మీద అడిగేకన్నా జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రతిపాదన పెట్టి, అమలు చేసేవాళ్లుగా మీ పేరు రాస్తే ఫైలు నడుస్తుంది.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు చాలామంది మొదట తలుచుకునేది. కంపెనీల చట్టం 7వ షెడ్యూల్‌లో ఆకలి, పోషకాహార లోపం నిర్మూలన ఉన్నమాట నిజమే. కానీ నేరుగా తీసుకోవాలంటే సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ, కంపెనీ వ్యవహారాల శాఖలో చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మీకింకా ఏడాది తక్కువ. ఈ ఏడాదిని కాగితాలకు వాడండి. స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, సొసైటీ పేరున పాన్, ఏటా రిజిస్ట్రార్‌కు కార్యవర్గం జాబితా, ఆడిట్ చేసిన లెక్కలు, కేంద్ర నిధులకు పీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్‌లో బ్యాంకు ఖాతా నమోదు. కార్యవర్గంలో భార్యాభర్తలు, అన్నదమ్ములే ఉంటే ఇప్పుడే మార్చుకోండి, మొదటి వడపోతలోనే అది కంటపడుతుంది.

అమెరికాలో ఉన్న మీ ఊరివాళ్లు పంపిస్తామంటున్నారని కూడా రాశారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, పంపితే అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. పంపేవాళ్లను మొహమాటపడకుండా పాస్‌పోర్టు సంగతి అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రతిపాదన రాసేటప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలతో పేజీలు నింపొద్దు. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఏపీలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం అని అయిదో సర్వే చెప్పింది, ఆ సంగతి అధికారికి తెలుసు. ఆయనకు తెలియనిది మీ ఊరి సంగతి. అంగన్‌వాడీ టీచర్‌తో, ఆశాతో కూర్చుని ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత రాసుకోండి. జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే తీవ్ర లోపం, ఆ పిల్లను లడ్డూల కోసం ఆపకుండా వెంటనే ఆరోగ్య కేంద్రానికి, అక్కణ్నుంచి అవసరమైతే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. పిల్లల పేర్లు లేకుండా ఆ పట్టిక ఒక్క పేజీలో పెట్టండి చాలు.

డబ్బు వచ్చాక పడే టెన్షన్ వేరు. మాకు ఒక శాఖ నుంచి రావలసిన వాయిదా మార్చి ఆఖరి రోజుల్లో ఖాతాలో పడింది. విత్తనాలు వేసే అదను ఎప్పుడో దాటిపోయింది. ఆర్థిక సంవత్సరం ముగిసిపోతోంది, ఖర్చు కాని మొత్తాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికి మళ్లీ అనుమతి రాసుకోవాలి. అది వచ్చేదాకా రెండో వాయిదా కదల్లేదు, పల్లెల్లో తిరిగే ఇద్దరు అమ్మాయిలకు జీతాలు సంస్థ సొంత డబ్బులోంచే ఇచ్చాం. కాబట్టి మూడు నాలుగు నెలల జీతాలకు సరిపడా చేతిలో లేకుండా గ్రాంటు పని ఒప్పుకోవద్దు. గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అందులో పడే వడ్డీ కూడా మీది కాదు, కేంద్ర గ్రాంటయితే తిరిగి ప్రభుత్వానికే జమచేయాలి. 2017 ఆర్థిక నిబంధనల్లో జీఎఫ్ఆర్ 12-ఏ అనే ఫారం ఉంటుంది, యూసీ ఇచ్చేది దాంట్లోనే. డబ్బు అడగకముందే ఆ ఫారం ఒకసారి చదివితే ఏ బిల్లులు దాచాలో అర్థమవుతుంది. రైతుబజారులో ఆకుకూరలు అమ్మే ఆమె బిల్లివ్వదు కదా అని మా కుర్రాళ్లు తల పట్టుకునేవారు. అలాంటి చిన్న కొనుగోళ్లకు తేదీ, పేరు, సంతకం లేదా వేలిముద్రతో చేతి వోచర్ రాసుకుంటున్నాం, మా ఆడిటర్ ఒప్పుకుంటున్నారు. మీ ఆడిటర్‌ను ముందే అడగండి.

మీ జిల్లా ఏదో, ఊళ్లో ఎన్ని అంగన్‌వాడీలున్నాయో, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య చురుగ్గా ఉందో లేదో రాయండి. ఖనిజ నిధి మీకు వర్తిస్తుందో లేదో, ముందు అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి సీడీపీఓను కలవాలో కేవీకేకు వెళ్లాలో దాన్నిబట్టి చెప్తాను.