బంధాలు బట్టీ పట్టకు బిడ్డా

బిడ్డా,

బోటనీ, జువాలజీ ఇష్టంగ చదువుతున్నవట, రసాయన బంధాల పాఠం కాడికి వచ్చేసరికి మాత్రం పుస్తకం పక్కకు పెడుతున్నవట. మీ అమ్మ ఫోన్ల చెప్పింది. హన్మకొండల నేను కెమిస్ట్రీ చెప్పినన్ని రోజులు బయాలజీ పిల్లలే ఎక్కువగ ఈ పాఠం పట్టుకొని నా దగ్గరికి వచ్చేటోళ్లు. వాళ్లకు చెప్పిందే నీకూ చెప్త. నిర్వచనాలు తర్వాత చదువుకో. ముందు ఏ అణువు బొమ్మ కనిపించినా ఒకటే ప్రశ్న వేసుకో: ఎలక్ట్రాన్లు ఎటు మొగ్గినయి?

రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ల జంటను పంచుకుంటే బంధం ఏర్పడుతదని 1916ల అమెరికా రసాయన శాస్త్రవేత్త లూయిస్ చెప్పిండు. దీన్నే సమయోజనీయ బంధం అంటరు. కానీ ఆ పంపకం అన్నిచోట్ల సమానంగ ఉండదు. నాలుగు అంకెలు గుర్తుపెట్టుకో: హైడ్రోజన్ 2.20, కార్బన్ 2.55, నైట్రోజన్ 3.04, ఆక్సిజన్ 3.44. ఎలక్ట్రాన్లను తన దిక్కు గుంజుకునే శక్తికి ఇవి కొలతలు. కార్బన్, హైడ్రోజన్ మధ్య తేడా కొంచెమే, అందుకే అక్కడ పంపకం దాదాపు సరిసమానం. ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య తేడా పెద్దది. అందుకే నీటి అణువుల ఆక్సిజన్ దిక్కు కొద్దిగ రుణావేశం, హైడ్రోజన్ల దిక్కు కొద్దిగ ధనావేశం నిలుస్తది.

మన చపాటా మిర్చి కారం వేసి కూర వండినప్పుడు చూడు. ఎరుపంతా పైన తేలే నూనెలకే పోతది, నీళ్లలకు దిగదు. ఆ రంగునిచ్చే అణువులు దాదాపు అంతా పొడుగాటి కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. నీటి అణువులు పట్టుకోను వాటి మీద ఆవేశమున్న చోటు సరిపోదు. కణత్వచంల, అంటే కణం చుట్టూ ఉండే పొరల, కొవ్వు అణువుల తోకలు లోపలికి తిరిగి, తలలు నీళ్ల దిక్కు ఉండేది కూడ ఇందుకే.

ఇగ బలాల సంగతి. ఇక్కడ కొంచెం నిలబడి చదువు. మన ఒంటి వేడి, 37 డిగ్రీల దగ్గర, అణువులు ఒకదాన్నొకటి కుదుపుకునే శక్తి మోల్‌కు సుమారు 2.5 కిలోజౌళ్లు. హైడ్రోజన్ బంధం, అంటే కొద్దిగ ధనావేశమున్న హైడ్రోజన్‌కు, పక్కన రుణావేశమున్న ఆక్సిజన్‌కో నైట్రోజన్‌కో మధ్య గుంజుడు, తెంపాలంటే సుమారు 20 కావాలె. రెండు కార్బన్ల మధ్య సమయోజనీయ బంధానికి 350 దాకా కావాలె. అంటే ఒంట్లె వేడి కార్బన్ బంధాన్ని కదిలించలేదు, కానీ ఒంటరి హైడ్రోజన్ బంధాన్ని మాటిమాటికి విడగొడుతది, అది మళ్లీ కలుస్తది. డీఎన్ఏ అట్ల కట్టి ఉంది కాబట్టే మనం బతుకుతున్నం. నిలువు పోగులల్ల సమయోజనీయ బంధాలు, పోగుకు పోగుకు మధ్య హైడ్రోజన్ బంధాలు: డీఎన్ఏ అక్షరాలనుకునే నాలుగు క్షారాలల్ల ఏ, టీల మధ్య రెండు, జీ, సీల మధ్య మూడు. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ మిషిన్ల 95 డిగ్రీలకు వేడి చేస్తే రెండు పోగులు విడిపోతయి, కానీ ఏ పోగూ తెగదు. ఇది అర్థమైతే జెనెటిక్స్ పాఠం సగం తేలికైతది.

అయానిక బంధం, అంటే ధనావేశం, రుణావేశం ఉన్న అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకునే బంధం, కాడ పిల్లలు తికమక పడుతరు. కెమిస్ట్రీ పుస్తకం బలమైన బంధమంటది, బయాలజీ పుస్తకం బలహీనమంటది. రెండూ నిజమే. ఉప్పు పలుకును కరిగించాలంటే 801 డిగ్రీల వేడి కావాలె, అదే గ్లాసు నీళ్లల్ల వేస్తే మామూలుగనే విడిపోతది. కణంల ఎప్పుడూ నీళ్లు ఉంటయి, అది మరువకు.

నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించేది ఏటీపీ, కణం తన పనులకు శక్తి తీసుకునే అణువు. మన తెలుగాయన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికా శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1929ల దాన్ని గుర్తించిండు. అదే ఏడాది జర్మనీల లోమన్ కూడ విడిగ గుర్తించిండు. "ఏటీపీల బంధం తెగితే శక్తి విడుదలైతది" అని పరీక్షల రాయకు బిడ్డా. ఏ బంధం తెగాలన్నా శక్తి పెట్టాల్సిందే, కొత్త బంధాలు ఏర్పడినప్పుడే శక్తి బయటికి వస్తది. ఏటీపీల మూడు ఫాస్ఫేట్లు వరుసగ ఉంటయి, వాటి రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటయి. నీటితోని చర్య జరిగినంక ఏర్పడే ఏడీపీ (రెండు ఫాస్ఫేట్లు మిగిలినది), విడిపోయిన ఫాస్ఫేట్ అంతకంటె స్థిరంగ ఉంటయి. పెట్టినదానికంటె వచ్చింది ఎక్కువ, ఆ తేడానే ప్రామాణిక పరిస్థితులల్ల మోల్‌కు 30.5 కిలోజౌళ్లు. గ్లూకోజ్ కథ కూడ ఇంతే: ఎలక్ట్రాన్లు కార్బన్, హైడ్రోజన్ బంధాలను విడిచి ఆక్సిజన్ దగ్గరికి చేరుతయి, నువ్వు పీల్చే గాలికి అక్కడ పని ఇదే.

ఎంజైమ్ గురించి చదివే ముందు ఒక పని చెయ్యి. మెడికల్ షాపుల గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతది, కళ్లకు తగలకుండ చూసుకో. ఒక గిన్నెల పచ్చి ఆలుగడ్డ ముక్క, ఇంకో దాంట్ల బాగ ఉడకబెట్టి చల్లార్చిన ముక్క వేసి, రెండిట్ల కొంచెం పొయ్యి. పచ్చిదాని మీద ఆక్సిజన్ బుడగలు పొంగుకొస్తయి, ఉడికినదాని మీద దాదాపు ఏమీ ఉండదు. పెరాక్సైడ్‌ను నీళ్లుగ, ఆక్సిజన్‌గ విడగొట్టేది ఆలుగడ్డల ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్. అది చర్యకు కావలసిన ఉత్తేజన శక్తిని, అంటే చర్య మొదలుకావడానికి దాటాల్సిన శక్తి గట్టును, తగ్గిస్తది, అంతే. ఉడికినప్పుడు దాని పెప్టైడ్ బంధాలు (అమైనో ఆమ్లాలను గొలుసుగ కలిపే సమయోజనీయ బంధాలు) తెగలేదు, ఆకారాన్ని నిలబెట్టే బలహీన బంధాలే పోయినయి. ఆకారం పోయినంక పని కూడ పోయింది. ఎందుకో పైన బలాల కాడ రాసిన 2.5, 20, 350 అనే మూడు అంకెలతోని నీ నోట్‌బుక్కుల నీ మాటల్లనే రాయి.

ఈ వారం ఇంకో బొమ్మ గియ్యి. 1951ల రసాయన శాస్త్రవేత్త పాలింగ్, ఆయన తోటివాళ్లు చెప్పిన ఆల్ఫా హెలిక్స్, అంటే ప్రోటీన్ గొలుసు మెలికలు తిరిగే ఆకారం. ఒక అమైనో ఆమ్లం ఆక్సిజన్, దాని తర్వాత నాలుగోదాని నైట్రోజన్ మీదున్న హైడ్రోజన్‌తోని బంధం కడుతది. సమయోజనీయ బంధాలకు గీతలు, హైడ్రోజన్ బంధాలకు చుక్కలు పెట్టి ఫోటో పంపు. ఎక్కడ చుక్కలు తప్పినయో దిద్ది పంపిస్త.

నీ పెద్దమ్మ