నాలుగు నిమిషాల్లో మంత్రిని ఏమడగాలి: మేనకోడలికి లేఖ

ఇన్వర్నెస్

చి. స్రవంతికి,

అత్త ఆశీస్సులు.

ఎడిన్‌బరోలో ఎమ్మెస్పీ (స్కాట్లాండ్ పార్లమెంటు మెంబరు) ఆఫీసులో చేరావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. మీ మెంబరు హైలాండ్స్ నుంచి గెలిచిన మనిషి, ఆవిడ స్పీచ్‌లు రాసే పని నీకు అప్పగించారు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావని నీ మెసేజ్ చూశాక అర్థమైంది. ఇవన్నీ ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నేనూ ఇదే పని చేసి రిటైరయ్యాను కదా. ఎవరి దగ్గర చేశానో మాత్రం అడగకు. ఆఫీసు గుట్టు ఆఫీసులోనే ఉండాలి, ఈ మాట నీకూ వర్తిస్తుంది.

స్పీచ్ చప్పట్ల కోసం కాదమ్మా, మంత్రి నోటి నుంచి ఒక జవాబు రాబట్టడానికి. ఆ జవాబు అఫీషియల్ రిపోర్టులో, అంటే సభలో మాట్లాడిందంతా రాసిపెట్టే రికార్డులో, అచ్చవుతుంది. ఆర్నెల్ల తర్వాత అదే పేజీ తీసి ‘ఆ రోజు మీరు ఇలా అన్నారు, ఏమైంది?’ అని అడగొచ్చు. కాబట్టి మొదట రాయాల్సింది ఆఖరి వాక్యం. మంత్రిని ఏమడుగుతున్నాం? ఏ తేదీకి? అది తేలాకే వెనక్కి వెళ్లి మిగతాది రాయి. అది తేలకపోతే ఎంత రాసినా ఊకదంపుడే.

సభలో మాట్లాడే అవకాశాలన్నీ ఒకటి కావు. ప్రభుత్వం పెట్టే పెద్ద చర్చల్లో విప్పులు, ఓటింగు ఉంటాయి, పార్టీ మాట కొంత చెప్పక తప్పదు. పల్లె ప్రాంతం మెంబరుకి అసలైన చోటు మెంబర్స్ బిజినెస్, అంటే మెంబర్లు సొంతంగా పెట్టే మోషన్ (తీర్మానం) మీద జరిగే చర్చ. మామూలుగా మంగళ, బుధవారాల్లో సాయంత్రం 5 గంటల ఓట్లు అయిపోయాక పెడతారు. గురువారమైతే మధ్యాహ్నం, ఫస్ట్ మినిస్టర్ (ఇక్కడి ముఖ్యమంత్రి అనుకో) ప్రశ్నలు ముగిశాక. మోషన్ పెట్టినవాళ్లకి సాధారణంగా 7 నిమిషాలు, మిగతావాళ్లకి 4. చివర ఓటింగు ఉండదు, అప్పటికి సభలో చాలా కుర్చీలు ఖాళీ అయిపోతాయి. అది చూసి డీలా పడొద్దు. ఓటు లేదు కాబట్టే పక్క పార్టీల వాళ్లు కూడా మొహమాటం లేకుండా మద్దతిస్తారు. ఆ మోషన్ చర్చకు రావాలంటే వేరే పార్టీల సంతకాలు కావాలి, అందుకని అందులో తిట్లు రాయకు. స్కూలు బస్సు గురించిన మోషన్‌లో ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోస్తే అధికార పార్టీ నుంచి ఒక్కరూ సంతకం పెట్టరు. ఆ కోపమేదో స్పీచ్‌లో చూపించుకోవచ్చు.

మౌఖిక ప్రశ్నలకు పేర్లు లాటరీలో వస్తాయి. అచ్చయిన ప్రశ్నకు మంత్రి అధికారులు రాసిచ్చింది చదువుతారు, అందులో కొత్త విషయం ఏమీ ఉండదు. అసలు పని సప్లిమెంటరీలో, అంటే ఆ జవాబు విన్నాక అడిగే రెండో ప్రశ్నలో. అదేమిటో వాళ్లు ముందే పసిగట్టకుండా అచ్చయ్యే ప్రశ్నను వీలైనంత చప్పగా రాయి.

కొత్తగా చేరినవాళ్లందరూ చిన్నచూపు చూసేది రాతపూర్వక ప్రశ్నని. నాకైతే అదే అన్నిటికన్నా ఇష్టం. సభ నడిచే రోజుల్లో 10 పని దినాల్లో జవాబు రావాలి. డిబేట్‌కి నెల ముందే అంకెల కోసం రెండు మూడు ప్రశ్నలు వేసి ఉంచు. వచ్చిన జవాబులోని అంకెనే స్పీచ్‌లో వాడు. పేపర్‌లో వచ్చిన అంకెను మంత్రి కాదనగలరు, తన సంతకంతో వచ్చిన అంకెను ఎలా కాదంటారు?

ఇక రాత సంగతి. నువ్వు పంపిన శాంపిల్‌లో ‘గ్రామీణ ప్రాంతాల్లో ప్రసూతి సేవల కొరత తీవ్ర ఆందోళన కలిగిస్తోంది’ అన్నట్టు ఒక వాక్యం ఉంది. దానికి మంత్రి ఏమంటారో తెలుసా? ‘ఆ ఆందోళన నాకూ ఉంది’ అని చెప్పి కూర్చుంటారు. అదే విషయాన్ని స్కాట్లాండ్ ఉత్తర కొసనున్న కెయిత్‌నెస్ నుంచి చూడు. విక్‌లోని కెయిత్‌నెస్ జనరల్ ఆసుపత్రిలో 2016లో డాక్టర్ల ఆధ్వర్యంలో నడిచే ప్రసూతి విభాగాన్ని తీసేసి మిడ్‌వైఫ్‌లకు అప్పగించారు. అప్పటినుంచి ఏ కాస్త తేడా ఉందనిపించినా గర్భిణులు ఇన్వర్నెస్‌లోని రెయిగ్‌మోర్ ఆసుపత్రికి రావాల్సిందే. వంద మైళ్లకు పైగా దారి. మధ్యలో బెరిడేల్ దగ్గర కొండ దిగి మళ్లీ ఎక్కాలి. చలికాలం రాత్రి, పెద్ద పిల్లాడిని ఎవరింట్లో వదలాలో తెలియదు, భర్త ఎక్కడ పడుకోవాలో తెలియదు. రోడా గ్రాంట్ లాంటి మెంబర్లు ఈ విషయాన్ని ఏళ్ల తరబడి సభలో లేవనెత్తింది ఇలాగే, ఆ రోడ్డునీ ఆ దూరాన్నీ పట్టుకునే. నువ్వూ మైళ్లు రాయి, ఊరి పేరు రాయి. ఆ తర్వాత ఒకటే అడుగు: ఆ రోడ్డు మూసేసిన రాత్రి ఏం చేయాలో రాసిపెట్టిన ఏర్పాటు ఉందా, ఉంటే సభ ముందు పెడతారా? దీనికి ఉంది లేదా లేదు అనాలి, నీళ్లు నమలడానికి చోటుండదు.

ఒక్క జాగ్రత్త. మీ మెంబరుకి తన బాధ చెప్పుకుంటూ ఉత్తరం రాసిన మనిషి అనుమతి లేకుండా ఆ మనిషి కథ సభలో చెప్పించకు. విక్ లాంటి ఊళ్లో పేరు చెప్పక్కర్లేదు, ‘ముగ్గురు పిల్లల తల్లి, భర్త చేపల పడవలో పని చేస్తాడు’ అంటే చాలు, ఊరంతా పోల్చేస్తుంది.

ఫెర్రీల మీద స్పీచ్‌లు ఈపాటికి నీ బల్ల మీద గుట్టగా పడి ఉంటాయి. 2023 జూన్‌లో సౌత్ యూయిస్ట్ దీవిలో లోక్‌బాయిస్‌డేల్ ఫెర్రీ దాదాపు నెలంతా రద్దు చేశారు. వేరే రూట్లో ఓడ పాడైతే ఇక్కడి ఓడను తీసుకెళ్లిపోయారు. వందలమంది కార్లు, లారీలు వేసుకుని రేవు దగ్గరికి వచ్చి నిరసన తెలిపారు. దీని వెనకున్నది పాత కథ. 2015లో 97 మిలియన్ పౌండ్లకు రెండు ఓడలు కట్టమని పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గుసన్ యార్డుకి ఇచ్చారు. మొదటి ఓడ గ్లెన్ సానక్స్‌ను 2017లో నీళ్లలోకి దింపినప్పుడు కిటికీలు లేక పెయింట్‌తో వేశారు. (నవ్వకు, నిజం.) అది జనాన్ని ఎక్కించుకుని నడిచింది 2025 జనవరిలో.

ఆ కిటికీల సంగతి ప్రతి స్పీచ్‌లోనూ వస్తుంది, వినేవాళ్లకి విసుగొచ్చింది. నువ్వు వాడకు. దానికి బదులు ఎవరిని అడుగుతున్నావో తేల్చుకో. హెబ్రిడీస్ (పడమటి దీవులు) వైపు ఓడలు నడిపేది కాల్‌మాక్, ఓడల సొంతదారు సీమాల్ అనే ఇంకో సంస్థ, డబ్బిచ్చేది ట్రాన్స్‌పోర్ట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ రవాణా సంస్థ. ‘ఫెర్రీలు ఎందుకిలా ఉన్నాయి?’ అని అడిగితే ముగ్గురూ ఒకరి మీద ఒకరు తోసేసి చేతులు దులుపుకుంటారు. ఓడ పాడైనప్పుడు ఏ దీవికి సర్వీసు కోత పెట్టాలో ఏ లెక్కన నిర్ణయిస్తున్నారు, ఆ లెక్కను మంత్రి బయటపెడతారా అని అడిగితే జవాబు మంత్రే చెప్పాలి.

లండన్ పరిధి ఏది, హోలీరూడ్ (స్కాట్లాండ్ పార్లమెంటు) పరిధి ఏది అన్నది కూడా ముందే చూసుకో. ఆసుపత్రులు, రోడ్లు, క్రాఫ్టింగ్ (హైలాండ్స్‌లో చిన్న కమతాల సేద్యం) ఇక్కడివి. వీసాలు, మొబైల్ సిగ్నల్ లాంటివి వెస్ట్‌మిన్‌స్టర్‌వి. చేపల ప్రాసెసింగ్ యూనిట్లకు మనుషులు దొరకడం లేదని అడిగితే మంత్రి ‘అది లండన్ తప్పు’ అంటారు, మీ నాలుగు నిమిషాలు గోవిందా. అదే యూనిట్ కార్మికులకు ఇళ్లు లేవని అడుగు, అది ఇక్కడి పనే.

నేర్చుకోవడానికి ఒకరి ప్రసంగాలు చదవమంటే ఫెర్గస్ ఈవింగ్‌వి చదవమంటాను. ఆయన రాజకీయాలన్నీ నాకు నచ్చుతాయని కాదు. 1999లో ఇన్వర్నెస్ వైపు నుంచి ఎమ్మెస్పీగా గెలిచారు. సభ మొదటి రోజు, 1707లో వాయిదా పడిన పార్లమెంటు మళ్లీ సమావేశమైందని ప్రకటించిన విన్నీ ఈవింగ్ కొడుకు. 2016 నుంచి 2021 దాకా గ్రామీణ వ్యవహారాలు చూసిన మంత్రి. ఆ తర్వాత సొంత పార్టీ ప్రభుత్వాన్నే వెనక బెంచీల నుంచి నిలదీశారు. సముద్రంలో పదో వంతును చేపలవేట లేకుండా కట్టడి చేసే ప్రతిపాదన మీద 2023 మేలో చర్చ జరిగినప్పుడు ఆ పత్రాన్ని సభలోనే చింపేశారు. ఇది సంప్రదింపుల పత్రం కాదు, మరణశాసనం అన్నంత మాట అన్నారు. పేపర్లన్నీ ఆ ఫొటోయే వేసుకున్నాయి. జూన్ చివరికి ప్రభుత్వం ఆ ప్రతిపాదన వదులుకుంది.

చింపడం వల్లే పని జరిగిందనుకోకు. అప్పటికే తీరప్రాంతాల నుంచి ఉత్తరాలు వెల్లువలా వస్తున్నాయి, ఆయన పార్టీవాళ్లే అయిన కేట్ ఫోర్బ్స్, అలస్డేర్ ఆలన్ కూడా సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. కొత్త మెంబరు కాగితం చింపితే అది తమాషా అవుతుంది. అంతకాలం ఆ ప్రాంతం కోసం మాట్లాడిన మనిషి చింపాడు కాబట్టే దానికి బరువొచ్చింది.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఏ9 రోడ్డు మీద పట్టు. పెర్త్ నుంచి ఇన్వర్నెస్ దాకా రోడ్డంతా 2025 కల్లా నాలుగు వరుసలు చేస్తామని ప్రభుత్వం 2011లో మాటిచ్చింది. 2023 ఫిబ్రవరిలో కుదరదని ఒప్పుకుంది. ఆ డిసెంబర్లో 2035 అని కొత్త తేదీ చెప్పింది. మధ్యలో ఆయన ప్రశ్నల్లో, చర్చల్లో, పిటిషన్ల కమిటీలో అదే అడుగుతూ వచ్చారు. ఒక సామాన్యురాలి పిటిషన్ మీద ఆ కమిటీ విచారణే జరిపింది, అందులో ఆయన సభ్యుడు. వరసగా చదువు, విసుగు పుట్టేంతగా ఒకే ప్రశ్న కనిపిస్తుంది: తేదీ ఎంత, ఏ ముక్క ముందు, డబ్బెక్కడ. ఒకప్పుడు మంత్రిగా ఆ కుర్చీలో కూర్చున్నవాడు, దాటవేత జవాబు ఎలా తయారవుతుందో ఆయనకు తెలుసు. సొంత ప్రభుత్వానికి ఎదురు నిలిచినందుకు ధర కూడా చెల్లించారు. ఒక మంత్రి మీద అవిశ్వాసానికి ఓటేసినందుకు 2023లో పార్టీ వారంపాటు గ్రూపు నుంచి పక్కన పెట్టింది, 2025లో ఆయనే ఇక పార్టీ తరఫున నిలబడనన్నారు. అంత దూరం వెళ్లాలా వద్దా అన్నది మీ మెంబరు ఇష్టం. రీసెర్చర్‌గా నువ్వు ఆవిడని అటు తోయకు, ఇటూ లాగకు.

మన అసెంబ్లీ జీరో అవర్ చూసి పెరిగినదానివి, ఇక్కడ సభ మరీ చల్లగా అనిపిస్తుంది. ఎవరైనా మధ్యలో లేచి ఇంటర్వెన్షన్ అడుగుతారు, మాట్లాడుతున్నవాళ్లు ఒప్పుకుంటేనే మాట్లాడాలి. మీ మెంబరు జేబులో ఎప్పుడూ ఒక చిన్న కార్డు పెట్టు, రెండు వాక్యాల ప్రశ్నతో. స్పీచ్ లిస్టులో పేరు లేని రోజు కూడా ఆ రెండు వాక్యాలు రికార్డులోకి ఎక్కుతాయి.

స్పీచ్ అయ్యాక నీ పని సగమే అయినట్టు. సాయంత్రానికి రిపోర్టు వచ్చేస్తుంది. మంత్రి జవాబులో ‘పరిశీలిస్తాను’, ‘రాస్తాను’ అన్న చోట్ల గీత గీసి క్యాలెండర్‌లో తేదీ వేసుకో. ఏ మనిషి ఉత్తరం వల్ల ఈ మాట సభకెక్కిందో ఆ మనిషికి మర్నాడే ఆ పేజీ పంపు. లోకల్ వారపత్రికకు కూడా పంపు, స్కై దీవిలో ఇప్పటికీ వెస్ట్ హైలాండ్ ఫ్రీ ప్రెస్ చదివాకే మిగతా పని మొదలుపెట్టేవాళ్లున్నారు. ఇంకో సంగతి, ఇక్కడ ప్రతి ఊరికీ ఒక నియోజకవర్గం మెంబరు, ఏడుగురు రీజియన్ మెంబర్లు కలిపి ఎనిమిది మంది ఉంటారు. నీకంటే ముందే ఎవరో అడిగి ఉంటారు. రిపోర్టులో వెతకకుండా ‘మొదటిసారిగా సభ దృష్టికి తెస్తున్నాను’ అని మాత్రం రాయకు.

రిసెస్ (సభకు సెలవులు) రాగానే ఎడిన్‌బరోలో కూర్చోకుండా మల్లెయిగ్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ లోక్‌బాయిస్‌డేల్ ఓడెక్కు. వాంతులకి మాత్ర ముందే వేసుకో. దిగాక గెస్ట్ హౌస్ ఆవిడతో, పశువుల దాణా అమ్మేవాడితో మాట్లాడు. వచ్చే నెల మోషన్ ఏదో రాస్తున్నానన్నావుగా, శుక్రవారం లోపల పంపు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను, ఏడవకు.

ఇట్లు,
మీ అత్త